అమలాపురం నుంచి కువైట్ ఎంత దూరం?

బాలలూ! "అమలాపురం నుంచి రావులపాలెం ఎంత దూరం?" అని అడిగితే మీలో ఒకరు "ముప్పై చిల్లర కిలోమీటర్లు" అంటారు. మరొకరు "బస్సులో గంట" అంటారు. ఇద్దరి జవాబూ సరైనదే. దూరాన్ని కొలవటానికి మనకు రెండు కొలబద్దలు ఉన్నవి. ఒకటి కిలోమీటరు, రెండవది గడియారం. దగ్గర ఊళ్ళ విషయంలో ఈ రెండూ కలిసే నడుస్తవి. దూరదేశాలకు పోయేసరికి రెంటికీ పేచీ వస్తుంది. ఆ పేచీ ఏమిటో, దాన్ని ఎట్లా తీర్చాలో ఇప్పుడు చెబుతాను. కాగితమూ పెన్సిలూ దగ్గర పెట్టుకుని చదవండి.

నేను ముప్పై ఏళ్ళకు పైగా కోనసీమ బళ్ళలో పాఠాలు చెప్పినవాణ్ణి. ఒకసారి ఏడవ తరగతిలో భూగోళం చెబుతుండగా ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ! మా అమ్మ ఉన్న కువైట్‌కి విమానంలో ఐదు గంటలేనట. మా మామయ్య కాకినాడ వెళ్ళి పని చూసుకు రావటానికీ ఐదు గంటలు పడుతుంది. ఆయన వారం వారం వెళ్ళి వస్తాడు. మా అమ్మ మాత్రం రెండేళ్ళకు గాని ఎందుకు రాదు?" అని అడిగింది. తరగతి అంతా నిశ్శబ్దమయింది. ఎందుకంటే అమ్మో నాన్నో గల్ఫు దేశాలలో ఉన్న పిల్లలు ఆ బెంచీల మీద ఇంకా కొందరున్నారు. అంత మంచి ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు ఉండదు. వరసగా చూదాం.

కోనసీమ అంటే మూడు వైపులా నీళ్ళున్న ముక్కోణపు నేల. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వసిష్ఠ అని చీలుతుంది. ఒక ప్రక్క గౌతమి, ఒక ప్రక్క వసిష్ఠ, దిగువన బంగాళాఖాతం. నడుమ వైనతేయ పాయ. వంతెనలు లేని రోజులలో ఇక్కడినుంచి ఎటు పోవాలన్నా ముందు నీరు దాటాలి. కోటిపల్లి రేవులోనో, సఖినేటిపల్లి రేవులోనో పంటు కోసం ఎదురుచూసిన కథలు మీ తాతగారిని అడిగితే చెబుతారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి అయిన తరవాత కాలువలలో పడవలు నడిచాయి. వడ్లూ కొబ్బరికాయలూ మనుషులూ అందరూ ఆ పడవలలోనే ప్రయాణం.

దూరదేశం పోవటం కూడా కోనసీమకు కొత్త కాదు. వెనక మన వాళ్ళు పొట్టచేత పట్టుకుని "రంగం" పోయేవారు. రంగం అంటే బర్మా దేశపు రంగూన్ పట్టణం. కాకినాడ రేవులో ఓడ ఎక్కితే సముద్రం మీద రోజుల తరబడి ప్రయాణం. గౌతమి ఒడ్డున యానాం దగ్గర ఉన్న కోరంగి ఒకప్పుడు పేరుమోసిన ఓడరేవు. అందుచేత బర్మాలో తెలుగు వాళ్ళందరినీ "కోరంగీలు" అనే పిలిచేవారు. కాకినాడ నుంచి రంగూనుకు తిన్నగా గీత గీస్తే 1480 కిలోమీటర్లు. కువైట్ దీనికి రెండింతలకు పైగా దూరం. ఐనా రంగం పోయినవారి ఉత్తరం రావటానికే వారాలు పట్టేది. మరి ఏది దూరమంటారు? కిలోమీటర్ల కొలబద్ద కువైట్ దూరమంటుంది. గడియారపు కొలబద్ద రంగమే దూరమంటుంది. పేచీ మొదలయిందన్న మాట!

ఇక మన ప్రయాణం మొదలు పెడదాం. కోనసీమలో విమానాశ్రయం లేదు. అందరికంటే దగ్గరది రాజమండ్రి అవతల ఉన్న మధురపూడి. అమలాపురం నుంచి అక్కడికి రోడ్డున సుమారు 80 కిలోమీటర్లు. అక్కడినుంచి హైదరాబాదు శంషాబాదు విమానాశ్రయానికి గాలిలో 360 కిలోమీటర్లు. శంషాబాదు విమానాశ్రయం 2008 మార్చిలో తెరిచారు. అక్కడినుంచి కువైట్‌కు 3370 కిలోమీటర్లు.

ఈ 3370 అనేది తిన్నని గీత పొడుగు. మీ అట్లాసులో పడమటి ఆసియా పటం తీసి శంషాబాదు మీద ఒక దారం కొస, కువైట్ మీద రెండో కొస పెట్టి లాగండి. దారం ఎక్కడెక్కడ పడుతుందో చూడండి. ముందు మహారాష్ట్ర మీదుగా పోతుంది. నాసిక్ ప్రాంతంలో త్ర్యంబకానికి పాతిక కిలోమీటర్ల లోపునే దాటుతుంది. త్ర్యంబకం ఏమిటో మీకు తెలుసును గదా! అదే మన గోదావరి పుట్టిన చోటు. అక్కడ పుట్టిన నీరు 1465 కిలోమీటర్లు నడిచి మన అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తున్నది. కువైట్ పోయే కోనసీమ మనిషి శంషాబాదులో విమానమెక్కిన గంట లోపల ఆ నది పుట్టిల్లు దాటుతుంది. ఆ తరువాత దారం సౌరాష్ట్ర మీదుగా అరేబియా సముద్రంలో దిగి, ఒమాన్ సింధుశాఖ, ఇరాన్ దక్షిణపు కోస్తా దాటి, పర్షియా సింధుశాఖ పొడుగునా పోయి కువైట్ చేరుతుంది. నిజం విమానాలు ఈ గీతను అచ్చంగా పట్టుకు పోవు. ఆకాశంలో కూడ నిర్ణయించిన దారులున్నవి. వాటిని అనుసరించి కొంచెం అటూ ఇటూ వంపులు తిరుగుతవి.

ఇప్పుడు కాలం సంగతి. పెద్ద జెట్ విమానం గాలిలో గంటకు సుమారు 850 కిలోమీటర్లు పోతుంది. 3370ని 850 చేత భాగిస్తే నాలుగు గంటలకు కొంచెం తక్కువ వస్తుంది. కాని పోయేటప్పుడు ఐదు గంటలు, వచ్చేటప్పుడు నాలుగు గంటల చిల్లర పడుతుంది. దూరం ఒకటే గదా, తేడా ఎందుకు వచ్చింది?

దీనికి జవాబు మన కాలువలోనే ఉన్నది. నిలకడ నీటిలో గంటకు 6 కిలోమీటర్లు పోయే పడవ అనుకోండి. కాలువ నీరు గంటకు 2 కిలోమీటర్ల వేగంతో పారుతున్నది. వాలుకు పోతే నీరు కూడ పడవను మోసుకుపోతుంది గనక గంటకు 8 కిలోమీటర్లు. ఎదురు పోతే నీరు వెనక్కు నెడుతుంది గనక 4 కిలోమీటర్లే. 24 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరికి వాలుకు మూడు గంటలు, ఎదురుకు ఆరు గంటలు. అందుకే ఎదురు పోయేటప్పుడు పడవకు తాడు కట్టి మనుషులు గట్టు వెంట నడుస్తూ లాగేవారు.

ఆకాశంలో కూడ ఇట్లాంటి ఏరు ఉన్నది. భూమికి పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, ముఖ్యంగా చలికాలంలో, పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తవి. గాలి వేగం గంటకు 100 కిలోమీటర్లు అనుకోండి. కువైట్ పోయే విమానానికి అది ఎదురు. అప్పుడు నేల మీద లెక్కకు దాని వేగం 750 మాత్రమే. 3370ని 750 చేత భాగిస్తే నాలుగున్నర గంటలు. వచ్చేటప్పుడు గాలి వాలు. వేగం 950. అప్పుడు మూడున్నర గంటలు. నేల మీద కదలటానికీ, పైకి లేవటానికీ, దిగటానికీ మరొక అరగంట కలుపుకోండి. పోవటం ఐదు, రావటం నాలుగు! వర్షాకాలంలో మన పైనున్న గాలుల తీరు మారుతుంది. అప్పుడు ఈ తేడా తగ్గిపోతుంది.

ఇంతటితో లెక్క అయిపోలేదు. టిక్కెట్టు మీద అచ్చువేసిన కాలాలు చూస్తే మీరు మరీ ఆశ్చర్యపోతారు. ఉదయం 8 గంటలకు శంషాబాదులో బయలుదేరిన విమానం ఉదయం 10-30కే కువైట్ చేరినట్టు ఉంటుంది. అంటే రెండున్నర గంటలే! తిరుగు ప్రయాణంలో ఉదయం 10-30కు కువైట్‌లో బయలుదేరితే సాయంత్రం 5 గంటలకు శంషాబాదు. అంటే ఆరున్నర గంటలు! ఎవరు అబద్ధమాడారు?

ఎవరూ ఆడలేదు. భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే గంటకు 15 డిగ్రీలు, ఒక్కొక్క డిగ్రీకి 4 నిమిషాలు. తూర్పున ఉన్నవారికి ముందు తెల్లవారుతుంది, పడమట ఉన్నవారికి తరువాత తెల్లవారుతుంది. ప్రతి ఊరూ తన సూర్యుణ్ణి బట్టి గడియారం పెట్టుకుంటే రైళ్ళు నడవవు గనక ఒక్కొక్క దేశం ఒక్కొక్క రేఖాంశాన్ని ఎన్నుకున్నది. మన భారతదేశం ఎన్నుకున్నది 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం. అది ఎక్కడున్నదో తెలుసునా? మన పొరుగునే, తుని దగ్గరగా పోతున్నది! అమలాపురం ఉన్నది 82 డిగ్రీల మీద. తేడా అర డిగ్రీ, అంటే 2 నిమిషాలు. ద్వారకలో ఉన్నవారికి గడియారం పన్నెండు కొట్టినా నడినెత్తి సూర్యుడు రావటానికి ఇంకా 54 నిమిషాలు పడుతుంది. మనకు రెండే నిమిషాలు. సూర్యుడు కూడ ఏడాది పొడుగునా గడియారానికి పావుగంట దాకా ముందు వెనకలవుతూ ఉంటాడు గనక ఇది సగటు మీద చెప్పిన మాట. దేశమంతా చూసుకునే గడియారం అసలు సూర్యుడితో సరిపోయే చోట్లలో కోనసీమ ఒకటి అన్న మాట. ఈ సంగతి మీ ఇంటిలో అందరికీ చెప్పండి.

కువైట్ తన గడియారానికి ఎన్నుకున్నది 45 డిగ్రీల రేఖాంశం. 82½ లోనుంచి 45 తీసివేస్తే 37½. దానిని 4 పెట్టి గుణిస్తే 150 నిమిషాలు, అంటే రెండున్నర గంటలు. మనకు ఉదయం 8 అయినప్పుడు అక్కడ తెల్లవారుజామున 5-30. అందుచేత పోయేటప్పుడు టిక్కెట్టు మీది కాలానికి రెండున్నర గంటలు కలపాలి, వచ్చేటప్పుడు తీసివెయ్యాలి. రెండున్నరకు రెండున్నర కలిపితే ఐదు. ఆరున్నరలో రెండున్నర తీస్తే నాలుగు. గాలి లెక్కా గడియారం లెక్కా ఒక్కటయినవి. పేచీ తీరింది!

ఇది వట్టి లెక్క కాదు, ఇంటిలో పనికివచ్చే లెక్క. మీరు ఉదయం ఆరు గంటలకు నిద్ర లేచి అమ్మకు ఫోను చేస్తే అక్కడ మూడున్నర. పగలంతా పనిచేసి పడుకున్న మనిషిని లేపినవారవుతారు. మీరు రాత్రి తొమ్మిదికి చేస్తే అక్కడ సాయంత్రం ఆరున్నర. బహుశా అమ్మ పనిలో ఉండి ఫోను తియ్యకపోవచ్చు. అంతమాత్రాన అలగకూడదు. ఇద్దరికీ కుదిరే వేళ ఏదో లెక్కవేసి ముందే చెప్పుకోవాలి.

ఇక ఇంటి గుమ్మం నుంచి గుమ్మానికి ప్రయాణం ఎంతో చూదాం. అమలాపురం నుంచి మధురపూడికి కారులో రెండున్నర గంటలు. అక్కడ తనిఖీలకూ నిరీక్షణకూ రెండు గంటలు. హైదరాబాదు విమానంలో గంటంబావు. శంషాబాదులో నాలుగు గంటలు. కువైట్ విమానంలో ఐదు గంటలు. అక్కడ కాగితాలు చూపి, పెట్టెలు తీసుకుని బయట పడటానికి మరొక గంటంబావు. కూడండి. పదహారు గంటలు! అందులో విమానంలో గడిచినవి ఆరుంబావు గంటలే. విమానాల వేగం ఎంత పెరిగినా మిగిలిన తొమ్మిదిముప్పావు గంటలు తగ్గవు. డబ్బు కలిసి వస్తుందని రాత్రి బస్సులో హైదరాబాదు పోయేవారికి ఇంకా ఎక్కువే పడుతుంది.

ఇంతకంటే దూరం పోయేవారున్నారు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా సంస్థ హైదరాబాదు నుంచి అమెరికాలోని షికాగోకు నడుమ ఎక్కడా ఆగని విమానం ప్రారంభించింది. ఆ రెండు ఊళ్ళకూ నడుమ తిన్నని దూరం సుమారు 13280 కిలోమీటర్లు. ఏ దిక్కుగా పోతే షికాగో దగ్గరవుతుందో చెప్పండి చూదాం! గోడ మీది పటం చూసి అందరూ "పడమరకు" అంటారు. అది తప్పు. ఒక పంపరపనస పండు తెచ్చుకోండి. తొడిమ ఉన్నచోటు ఉత్తర ధ్రువం. పండు నడుము చుట్టూ గీసిన గీత భూమధ్యరేఖ. నడుము గీతకు కొంచెం పైన ఒక చుక్క పెట్టి హైదరాబాదు అనుకోండి. దాదాపు దానికి వెనక వైపున, తొడిమకూ నడుముకూ సగం దూరంలో ఇంకొక చుక్క పెట్టండి. అది షికాగో. ఇప్పుడు రెండు చుక్కలకూ దారం బిగించి లాగండి. దారం నడుము చుట్టూ పోదు. పైకి ఎక్కి తొడిమ పక్కనుంచి దిగుతుంది! హైదరాబాదు నుంచి షికాగోకు తిన్నని దారి ఉత్తరంగా పోయి ధ్రువానికి 1200 కిలోమీటర్ల చిల్లర దూరంలో దాటుతుంది. గుండ్రని పండు తొక్కను బల్ల మీద పరిస్తే చిరిగిపోతుంది గదా! అట్లాగే గుండ్రని భూమిని చదును కాగితం మీద పరిచినప్పుడు దూరాలు సాగిపోతవి. అందుచేత దూరదేశాల దారి కావలిస్తే పటాన్ని కాక భూగోళాన్ని అడగాలి.

తిన్నని గీత ఎప్పుడూ తెరిచే ఉంటుందని కూడ అనుకోకూడదు. 1942లో జపాను సేనలు బర్మా మీద పడినప్పుడు ఓడలు దొరకక, రంగం పోయిన మన వాళ్ళు ఎందరో అడవులూ కొండలూ దాటి నడిచి వచ్చారు. దారిలో చనిపోయినవారూ ఎందరో. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించుకున్నవి. విమానాశ్రయం మూతపడింది. అక్కడి భారతీయులు బస్సులలో ఇరాక్ మీదుగా వెయ్యి కిలోమీటర్లకు పైగా ఎడారి దాటి, జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరవలసి వచ్చింది. అక్కడినుంచి ఎయిర్ ఇండియా విమానాలు రెండు నెలల పాటు వరసగా నడిచి లక్షకు పైగా మనుషులను బొంబాయి చేర్చినవి. మళ్ళీ 2020 మార్చిలో కరోనా వ్యాధి వల్ల విమానాలన్నీ నిలిచిపోయినప్పుడు ఎక్కడివారు అక్కడే ఉండిపోయారు. మే నెలలో మన ప్రభుత్వం ప్రత్యేక విమానాలు నడిపేదాకా ఆ ఐదు గంటల దూరం ఎన్ని నెలల దూరమయిందో చూడండి. కిలోమీటర్లు మాత్రం ఒక్కటైనా పెరగలేదు.

కాబట్టి దూరానికి మూడవ కొలబద్ద కూడ ఒకటున్నది. అది అనుమతి. విదేశంలో పనికి కుదిరినవారు ఒప్పందం కాగితం మీద సంతకం పెడతారు. సాధారణంగా ఆ ఒప్పందం రెండేళ్ళు. గడువు లోపల రావాలంటే యజమాని సెలవు ఇవ్వాలి, టిక్కెట్టుకు డబ్బు ఉండాలి. అప్పుచేసి వెళ్ళిన వారికి అప్పు తీరాలి. రెండేళ్ళకు గాని ఇల్లు చేరలేకపోవటానికి కారణం ఇదే గాని, పిల్లల మీద ప్రేమ తక్కువై కాదు.

ఈ మూడవ దూరాన్ని తగ్గించేది చదువు. ఇది పెద్దలూ వినవలసిన మాట. 1983 నాటి వలసల చట్టం ప్రకారం, పదవ తరగతి తప్పినవారు కువైట్ మొదలైన కొన్ని దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వపు వలస అనుమతి విడిగా పొందాలి. పది పాసయినవారికి ఆ తనిఖీ అవసరం లేదు. ఈ తనిఖీ మనుషులను ఆపటానికి పెట్టింది కాదు, మోసపోకుండా కాపాడటానికి పెట్టింది. ప్రభుత్వపు లైసెన్సు ఉన్న ఏజెంటేనా అని కనుక్కోవాలి. చూసిరావటానికి ఇచ్చే వీసా మీద పనికి పోకూడదు. ఒప్పందంలో జీతమెంత, సెలవెప్పుడు, తిరుగు టిక్కెట్టు ఎవరిది అని చదువుకోవాలి. ఇంటిలో చదవటం వచ్చిన పిల్లలుంటే ఆ కాగితం ఒకసారి పెద్దలకు బిగ్గరగా చదివి వినిపించండి. ఒక నకలు ఇంటిలో దాచండి. పరీక్షలో వచ్చే మార్కులకంటె అది గొప్ప పని.

ఇక మీకు మూడు లెక్కలు.

1. కువైట్‌లో శుక్రవారం రాత్రి 7-30 అయింది. అమలాపురంలో ఎంత?

2. నిలకడ నీటిలో గంటకు 5 కిలోమీటర్లు పోయే పడవ, గంటకు 1 కిలోమీటరు వేగంతో పారే కాలువలో 12 కిలోమీటర్లు వాలుకు పోయి తిరిగి రావాలి. మొత్తం ఎన్ని గంటలు?

3. అమలాపురం గుమ్మం నుంచి కువైట్ విమానాశ్రయం దాకా రోడ్డూ ఆకాశమూ కలిపి మొత్తం ఎన్ని కిలోమీటర్లు? పదహారు గంటలలో పోతే గంటకు సగటు వేగమెంత?

జవాబులు: 1. శుక్రవారం రాత్రి 10 గంటలు. 2. వాలుకు 2, ఎదురుకు 3, మొత్తం 5 గంటలు. 3. 3810 కిలోమీటర్లు, గంటకు సుమారు 238 కిలోమీటర్లు.

నాలుగవ లెక్కకు జవాబు నేను వెయ్యను. మీ ఇంటివారు గాని, మీ వీధివారు గాని ఏ దూరదేశంలో ఉన్నారో కనుక్కోండి. అట్లాసులో ఆ ఊరి రేఖాంశం చూడండి. మనదానితో తేడా కట్టి, 4 పెట్టి గుణించి, అక్కడ ఇప్పుడు గంట ఎంతయిందో వెయ్యండి. దేశాలు తమ సౌకర్యం కొద్దీ గడియారాన్ని కొంత ముందుకో వెనక్కో పెట్టుకుంటవి గనక కొద్ది తేడా రావచ్చు. ఈసారి ఫోను వచ్చినప్పుడు "అక్కడ ఇప్పుడు గంట ఇంత, అవునా?" అని అడిగి సరిచూసుకోండి.